దారిలో ఉన్నవాడి వాన

ఊరంతా వాన కోసం ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉన్న ఏడాది, మా అమ్మ ఒక్కతే వాన వద్దని కూర్చుంది. ఆ సంగతి చెబుతాను. మెల్లగా చెబుతాను, నా మాటే అంత. నువ్వు తొందరపడకుండా రాసుకో.

అప్పుడు మేం సఫేద్ కొండల కింద ఉండేవాళ్ళం. సుల్తాను ఏలుబడి నడుస్తోంది. ఊళ్ళో మా యూదుల ఇళ్ళు పదో పన్నెండో, మిగతావన్నీ ద్రూజులవి, వాళ్ళ మతం వేరు. వాళ్ళూ మేమూ ఒకే భాష మాట్లాడుకునేవాళ్ళం, ఒకే రాళ్ళ నేల దున్నుకునేవాళ్ళం. పొలానికి ఏరు లేదు, కాలువ లేదు. ఇళ్ళ కింద రాయి తొలిచి చేసిన నేలబావులు ఉండేవి. వానాకాలంలో మిద్దెల మీద పడ్డ నీళ్ళు వాటిలోకి దిగితే, మళ్ళీ వానలొచ్చేదాకా మనుషులూ మేకలూ అవే తాగాలి.

మా నాన్న మురాద్ మందిరంలో ముందు నిలబడి ప్రార్థన చదివేవాడు. అది జీతం లేని పని. పొద్దున్నే చదివేసి, శాలువా మడిచిపెట్టి, నాతోపాటు పొలానికి వచ్చేవాడు. పొలంలో నడుం ఎత్తినప్పుడల్లా ఒక మాట అనేవాడు. "ఈజిప్టుకి నది ఇచ్చాడు. వాళ్ళు తల వంచుకుని కాలితో కాలువ తిప్పుకుంటారు. మనకెందుకివ్వలేదో తెలుసా? రోజుకోసారైనా మన మొహం చూడాలని. నది ఉంటే మనం తల ఎత్తుతామా?"

మాకు ఇంకో పని కూడా ఉండేది. సరస్సు ఒడ్డు తోటల్లో మాదీఫలాలు కొని, దూరపు ఊళ్ళకి తీసుకెళ్ళి అమ్మడం. పర్ణశాలల పండుగకి ప్రతి యూదుడి చేతిలో ఒక మాదీఫలం ఉండాలి. కాయ చివర చిన్న ముక్కు ఉంటుంది. అది విరిగిందా, ఇక ఆ కాయ ఊరగాయకే. యూఫ్రటీస్ నది ఒడ్డున ఉన్న మనవాళ్ళకి ఆ కాయలు దొరకవు. అందుకని ఏటా పండుగకి నెల ముందే నాన్న రెండు గాడిదల మీద బుట్టలు కట్టుకుని బయల్దేరేవాడు. దమస్కు, తద్మోర్, అక్కడి నుంచి ఎడారి దాటితే నది. ఆ ఏడు ఆయన మోకాళ్ళు పట్టేశాయి. నాకు పెళ్ళయి ఏడాది, చంటిది పుట్టి నెల. పైగా పొలం నా మీదే ఉంది. తమ్ముడు మస్లియా నేను పోతానన్నాడు. పోతానని కాదు, ఎగిరాడు.

బయల్దేరే ముందురోజు అందరం అరుగు మీద కూర్చుని కాయలకి నార చుడుతున్నాం.

"ముక్కు జాగ్రత్తరా," అన్నాడు నాన్న.

"ఎవరిది? కాయదా, నాదా?" అన్నాడు మస్లియా.

"నీ ముక్కుకేంలే," అంది అమ్మ. "ఎవడైనా ఒక్కటిస్తే అప్పుడన్నా ఇంటి దారి గుర్తొస్తుంది."

"అమ్మా, నది చూసొస్తానే. నీళ్ళు ఊరికే నడిచిపోతుంటాయట, ఎవరూ అడక్కపోయినా."

"అడక్కుండా వచ్చే నీళ్ళలో ఏముందిరా," అన్నాడు నాన్న.

"ఈత ఉంది నాన్నా."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. వాడి భుజం మీది నార పోగు తీసి, "వానల ముందే ఇల్లు చేరాలి. బురదలో గాడిద కాలు జారితే నిన్నెవరు చూస్తార్రా?" అంది.

"మబ్బు కనపడితే అక్కడే నిలబడి వద్దని చెప్తా. దారిలో ఉన్నవాడి మాట దేవుడు ముందు వింటాడంట. కావాలంటే నాన్ననడుగు."

నాన్న చేతిలో కాయ తిప్పుతూ తలూపాడు. "వింటాడు మరి. అందుకేగా, యెరూషలేములో ఆలయం ఉన్న రోజుల్లో ప్రధాన యాజకుడు ప్రాయశ్చిత్త దినాన అతిపరిశుద్ధ స్థలం నుంచి బయటికి రాగానే ఒక్క మాట అడుక్కునేవాడు. లోకానికి వాన కావాల్సినప్పుడు, దారిన పోయేవాళ్ళ ప్రార్థన నీ ముందుకు రానీయకు అని."

ఆ మాట ఎవరి చెవిలో పడ్డా పడకపోయినా అమ్మ చెవిలో పడింది. అక్కడే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున వాడు గాడిదలతో మలుపు తిరిగేదాకా అమ్మ గడపలో నిలబడింది. తర్వాత లోపలికెళ్ళి కొత్త కుండ ఒకటి కడిగి, నీళ్ళు నింపి, గుడ్డ కట్టి, గడప పక్కన పెట్టింది. ఎవరూ అడగకముందే, "వచ్చాక కాళ్ళు కడుక్కోడానికి," అంది.

పండుగ వచ్చింది, వెళ్ళింది. పండుగ ఆఖరి రోజు నుంచి మా ప్రార్థనలో గాలిని వీచేలా, వానను కురిసేలా చేసేవాడని దేవుణ్ణి పొగుడుతాం. అప్పటికి పొగడటమే, అడగం. అడగడానికి హెష్వాన్ నెల ఏడో రాత్రిదాకా ఆగుతాం. ఎందుకంటే, ఆలయం నిలబడి ఉన్న కాలంలో పండుగకి యెరూషలేము వచ్చినవాళ్ళలో అందరికన్నా దూరంవాడు యూఫ్రటీస్ ఒడ్డున తన ఇల్లు చేరడానికి పదిహేను రోజులు పట్టేదట. ఆ ఒక్కడు తడవకుండా గడప ఎక్కేదాకా దేశమంతా దాహం బిగబట్టుకుని ఆగేది. ఆలయం కూలి ఎన్ని వందల ఏళ్ళయిందో నాకు తెలియదు. వాడి కోసం ఇప్పటికీ ఆగుతున్నాం.

ఆ ఏడు మా ఇంట్లో ఆ దారి తిరగబడింది. మావాడు నది దగ్గర పండుగ చేసుకుని, అటు నుంచి ఇటు రావాలి.

హెష్వాన్ ఏడో రాత్రి మొదలయ్యే సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుని మందిరానికి బయల్దేరుతుంటే అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఇవాళ అడుగుతావా?"

"అడగాలిగా. ఏడో రాత్రి."

"ఈ పదిహేను రోజులూ ఎందుకు పెట్టారు మీ పెద్దలు?"

"నీకు తెలీదా? ఆఖరివాడు ఇల్లు చేరాలని."

"మన ఆఖరివాడు చేరలేదు."

నాన్న గడ్డం సవరించుకున్నాడు. "ఫర్హా, అది లోకానికంతటికీ పెట్టిన రోజు. మన ఒక్క ఇంటికి పెట్టింది కాదు."

"మధ్యలో విశ్రాంతిదినాలు వచ్చాయి. ఆ రోజుల్లో వాడు నడవడు. అవి తీసేసి చూశారా వాళ్ళు?"

"వాళ్ళకి లెక్కలు రావనుకుంటున్నావా?"

"లెక్కలొచ్చు. గాడిదల సంగతి తెలీదు."

నాన్న తప్పుకుని వెళ్ళాడు. రాత్రి ప్రార్థన ఎవరికి వాళ్ళం లోపల చదువుకునేది. ఆయన ఏం అడిగాడో ఏం అడగలేదో నాకు తెలియదు. పొద్దుటి ప్రార్థన అలా కాదు. మేమంతా నిలబడి ఉంటే ఆయన గొంతెత్తి చదవాలి. పంటల దీవెన దగ్గరికొచ్చాడు. నేల మీద మంచునూ వాననూ దీవెనగా ఇవ్వమని అడిగే చోట అడగకుండా, ఎండాకాలం చదివినట్టే చదివి ముందుకెళ్ళిపోయాడు.

తోబియా తాత బల్ల మీద అరచేత్తో కొట్టాడు. మా అందరిలోకీ పెద్దవాడు ఆయన. "వెనక్కి, మురాద్."

కాలం మారిన మొదటి రోజు అలా నోరు జారడం ఎవరికైనా ఉండేదే. నాన్న వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. ఈసారి అడిగాడు. కానీ ఆ ఒక్క ముక్కా నాకే సరిగ్గా వినపడలేదు. రెండో రోజూ అంతే. మళ్ళీ బల్ల మోగింది, మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. మూడో రోజు బల్ల మోగాక నాన్న కదల్లేదు. శాలువా కింద వీపు మాత్రం కనిపిస్తోంది.

"ఏంటయ్యా, గొంతులో ఏమన్నా అడ్డం పడిందా?" అన్నాడు తాత.

"కొడుకు," అన్నాడు నాన్న.

తర్వాత శాలువా మడుచుకుని వెనక బల్ల మీదికి, నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. తోబియా తాతే లేచి ముందు నిలబడి మిగతాది పూర్తి చేశాడు. ఆ రోజు నుంచి ఊరి తరఫున వాన అడిగే పని ఆయనదయింది.

అడుగుతూనే ఉన్నాడు. వాన మాత్రం రాలేదు. ఒలీవలు దులిపే రోజులు వచ్చాయి. కాయలు మేక పెంటికల్లా ఎండిపోయి దుమ్ము పట్టాయి. నేను ఎద్దుని కట్టి చూశాను. నాగలి మొన నేలకి తగిలి, గిన్నె కింద పడ్డట్టు ఖంగుమని మోగింది. ఎద్దు నా వైపు తిరిగి చూసింది, నీకేమన్నా పిచ్చా అన్నట్టు. విత్తనాల గోధుమలు గాదెలోనే ఉన్నాయి. వాటిని చూసి నా భార్య లతీఫా రోజూ అడిగేది, "ఇవి తినేద్దామా, ఇంకా ఆగుదామా?" చంటిదానికి పాలు చాలడం లేదు, తల్లి బాధ తల్లిది.

అమ్మ మాత్రం పొద్దున్నే లేచి వాకిట్లోకి వచ్చేది. తూర్పు నుంచి పడమర దాకా ఒకసారి చూసేది. ఎక్కడా మబ్బు తునక లేకపోతే ఆ మొహం విప్పారేది.

"ఉన్నాడు," అనేది. "లేచి అడిగినట్టున్నాడు."

ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "అమ్మా, గాదెలో గింజల్ని ఎలుకలు తింటున్నాయి. నువ్వు ఎండ చూసి నవ్వుతావేంటి?"

"మరి విను," అంది, పిండి కలుపుతూనే. "ప్రధాన యాజకుడంతటివాడు, ఏడాదికోసారి ఆ లోపలికి వెళ్ళేవాడు, బయటికొచ్చి ఏమడిగాడు? దారిన పోయేవాళ్ళ మాట వినొద్దన్నాడు. దేవుడు వింటున్నాడు కాబట్టేగా వినొద్దని చెప్పాల్సొచ్చింది? ఇప్పుడా ఆలయమూ లేదు, ఆ యాజకుడూ లేడు. అడ్డం పడి వద్దనేవాడే లేడు. మావాడి మాట తిన్నగా వెళ్తోంది. వాన పడట్లేదంటే వాడు అడుగుతున్నాడు. అడుగుతున్నాడంటే ఉన్నాడు."

అంత చదువు నాకు లేదు. పైగా ఆ మాట నిజమైతే బాగుండునని నాకూ ఉంది. చెప్పొద్దూ, మర్నాడు పొద్దున లేచి మబ్బు లేని ఆకాశం చూసినప్పుడు నా గుండె ఒకసారి తేలికైంది. ఆ వెంటనే పొలం గుర్తొచ్చింది.

అమ్మ మాట ఊళ్ళో పాకింది. నేలబావి దగ్గర ఆడవాళ్ళు అమ్మతో మాట్లాడటం మానేశారు. ముఖ్యంగా తోబియా తాత చిన్న కోడలు సిమ్హా. ముగ్గురు పిల్లల తల్లి, నోరు కొంచెం పెద్దది. వాళ్ళ ఇంటి బావి అందరికన్నా ముందే అడుగంటింది. ఒకరోజు ఆవిడ నీళ్ళకి మా బావి దగ్గరికి వచ్చింది, నేనే చేద వేస్తున్నాను. తాడుకి ఇంకో తాడు కట్టినా చేద నిండటం లేదు.

"ఫర్హా అత్తా," అంది సిమ్హా, మా గడప వైపు గడ్డంతో చూపిస్తూ. "ఆ కుండలో నీళ్ళు నా పిల్లలకి పొయ్యరాదూ?"

"అవి కాళ్ళకి," అంది అమ్మ.

"ఎవరి కాళ్ళకి? నది చూసినవాడు ఈ రాళ్ళలోకి తిరిగొస్తాడా? అక్కడే ఎవరినో చేసుకుని, నీళ్ళలో కాళ్ళాడిస్తూ కూర్చుని ఉంటాడు. ఇక్కడ నువ్వు మా నోళ్ళు ఎండగట్టు!"

అమ్మ నా చేతిలోని తాడు తీసుకుని చుట్టకి చుట్ట సరిగ్గా పడేలా చుట్టి కొక్కేనికి తగిలించింది. తర్వాత గడప దగ్గరికి వచ్చి కుండ మీది గుడ్డ విప్పి, లోపలికి చూసి, మళ్ళీ కట్టింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లతీఫాని అడిగింది, "నదిలో నీళ్ళు తియ్యగా ఉంటాయా?" లతీఫాకి మాత్రం ఏం తెలుసు? "వానంత తియ్యగా ఉండవులే అత్తా," అంది.

పెద్దలు ముందు వాళ్ళవరకు ఉపవాసాలు మొదలుపెట్టారు, సోమవారం, గురువారం. తర్వాత ఊరంతా. హెష్వాన్ వెళ్ళి కిస్లేవ్ నెల కూడా వచ్చేసింది. ద్రూజుల పెద్దలు కూడా వచ్చి, "మీ పెట్టె బయటికి తీసుకురండి, మీ పద్ధతిలో అడగండి, మేమూ వచ్చి నిలబడతాం," అన్నారు. అలాంటి కరువులో ధర్మశాస్త్రపు చుట్ట ఉన్న పెట్టెని మందిరంలోంచి తీసి, బయలు ప్రదేశంలో పెట్టి, బూడిద చల్లుకుని అడగడం మా పెద్దల నాటి పద్ధతి. రేపే కానిద్దామనుకున్నారు. మధ్యాహ్నం మందిరంలో అందరం కూర్చున్నాం. ముందు ఎవరు నిలబడాలి అన్నది మాట.

"నేను కాదు," అన్నాడు తోబియా తాత.

"నువ్వు కాకపోతే ఎవరు తాతా?"

"ఇన్నాళ్ళూ అడిగాను. ఏమన్నా రాలిందా? వాన తాళంచెవి దేవుడు ఏ దూతకీ ఇవ్వడు, తన చేతిలోనే పెట్టుకుంటాడు. నాలాంటివాడు అరిస్తే తీస్తాడా? నా కొడుకులు నలుగురూ నా కళ్ళ ముందే తిరుగుతున్నారు. ఇలాంటప్పుడు ఎవణ్ణి నిలబెట్టమన్నారు పెద్దలు? పిల్లలున్నవాణ్ణి, పొలంలో ఒళ్ళు వంచేవాణ్ణి, ఇల్లు ఖాళీగా ఉన్నవాణ్ణి. వాడి గుండె అడిగినట్టు ఇంకోడి గుండె అడగదని."

అందరూ వెనక బల్ల వైపు చూశారు.

"నా నోట రాదు," అన్నాడు నాన్న. "మూడు రోజులు మీరే విన్నారుగా."

"అందుకే నువ్వు," అన్నాడు తాత. "నోట సులువుగా వచ్చేవాడి మాట వినీ వినీ ఆయనకి విసుగొచ్చి ఉంటుంది."

నాన్న సరేననలేదు, కాదనలేదు. ఇంటికి వచ్చి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సంగతి అమ్మకి అప్పటికే తెలిసిపోయింది. ఆవిడ వాకిలి ఊడుస్తోంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది.

పొద్దు వాలుతుండగా అబూ హమ్దాన్ వచ్చాడు. మా పక్కింటి ద్రూజు. కంచర గాడిదలతో దమస్కుకి సరుకు తోలుతుంటాడు. అప్పుడే దిగినట్టున్నాడు, కనుబొమల మీద కూడా దుమ్మే. అమ్మ చీపురు కింద పెట్టింది.

"చూశావా అబూ హమ్దాన్, మావాణ్ణి?"

"లేదు వదినా. దమస్కులో అందరినీ అడిగాను. తద్మోర్ నుంచి ఒక్క బిడారు కూడా దిగలేదంట."

"ఎందుకని? వానలు కూడా లేవుగా. దారి బాగానే ఉంటుందిగా."

అబూ హమ్దాన్ అమ్మ వైపు వింతగా చూశాడు. "నీళ్ళు లేకుండా దారేంటి వదినా? తద్మోర్ దాటాక దమస్కుదాకా బావుల్లో బురద కూడా లేదు. నది వైపు నుంచి వచ్చినవాళ్ళంతా అక్కడే పడి ఉన్నారంట. ఆ పాత గోడల నీడలో కూర్చుని పొద్దస్తమానం మబ్బు కోసం చూస్తున్నారంట. వాన పడితేనే కదులుతారు. ఆగలేక బయల్దేరినవాళ్ళు కూడా ఉన్నారు..."

"బయల్దేరి?"

అతను నా వైపు చూశాడు. "వాన పడాలి వదినా," అన్నాడు.

"దారిలో ఉన్నవాళ్ళే వాన కోసం చూస్తున్నారా?" అంది అమ్మ.

"వాళ్ళు చూసినట్టు ఇంకెవరు చూస్తారు?"

అతను వెళ్ళిపోయాడు. అమ్మ గడప పక్కకి వెళ్ళి ఆ కుండ ఎత్తుకుని చంకన పెట్టుకుంది. నేను పట్టుకోబోతే చెయ్యి తోసేసింది. వీధి దాటి సిమ్హా వాకిట్లో దించింది. సిమ్హా బయటికి వచ్చి కుండనీ అమ్మనీ చూసింది. లోపలికి తిరిగి పిల్లల్ని పిలిచింది, "గిన్నెలు తెచ్చుకోండే" అని. ఆ పిల్లలు తాగుతుంటే అమ్మ అక్కడే కూర్చుని చూసింది. వాళ్ళ గుటకలు నాకు వీధిలోకి వినపడ్డాయి.

ఖాళీ కుండ తెచ్చి గడప పక్కన బోర్లించి నాన్న దగ్గరికి వచ్చింది.

"రేపు నువ్వే నిలబడు."

"ఫర్హా..."

"వాడికీ దాహమేగా," అంది అమ్మ, దీపం వెలిగించడానికి లోపలికి వెళుతూ.

మర్నాడు కళ్ళం దగ్గర చేరాం. పెట్టెని నలుగురం మోసుకొచ్చి నేల మీద పెట్టాం. దాని మీద గోనె కప్పారు. పొయ్యి బూడిద తెచ్చి ముందు పెట్టె మీద, తర్వాత పెద్దల నెత్తిన చల్లారు. తోబియా తాత నెత్తిన చల్లింది గడ్డం మీదికి రాలి, ఆయన తుమ్మాడు. ఎవరూ నవ్వలేదు. ద్రూజులు గోడ పక్కన తలపాగాలు తీసి నిలబడ్డారు. ఆడవాళ్ళు ఇంకో పక్క. మేకల్ని కూడా తోలుకొచ్చారు. మేకపిల్లల్ని తల్లుల నుంచి విడగొట్టి కట్టేశారు, అవి అరిచే అరుపు దేవుడు కూడా వింటాడని.

నాన్న చదవడం మొదలుపెట్టాడు. బాగానే చదువుతున్నాడు. ఆ దీవెన దగ్గరికొచ్చాడు. ఆ మాట ముందు ఆగాడు.

ఆగాడంటే ఆగాడు. నాకు తోబియా తాత చెయ్యి కనిపిస్తోంది. బల్ల లేదు, తొడ మీద కొట్టడానికి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దించలేదు, కొట్టలేదు. మేకలు కూడా అలిసిపోయి ఊరుకున్నాయి. నాన్న భుజాలు శాలువా కింద లేస్తున్నాయి, పడుతున్నాయి.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి, "ఆమేన్," అని వినపడింది.

ముందు నిలబడ్డవాడు అడిగి ముగించాకే ఆమేన్ అనాలి. అడగని మాటకి ఆమేన్ అనకూడదు, అది పెద్ద తప్పు. అందరూ అటు తిరిగారు. అమ్మ నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. ఆవిడ పక్కన సిమ్హా చెయ్యి ఆవిడ మోచేతి మీద ఉంది.

నాన్న అడిగాడు. మా కొండలన్నిటికీ వినపడేలా అడిగాడు. ఈసారి ఎవరూ వెనక్కి వెళ్ళమనలేదు.

ఆ రోజు వాన పడలేదు. తర్వాతి ఉపవాసానికీ పడలేదు. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? ఊరికే ఉన్న ఒక రోజు, కిస్లేవ్ చివర వచ్చే మా దీపాల పండుగకి రెండో దీపం వెలిగించిన మర్నాడు, నేను ఎద్దుకి ఎండు గడ్డి వేస్తుంటే వాసన వచ్చింది. దుమ్ము వాసన, కానీ తడి దుమ్ము. ముందు ఒక చుక్క నా మణికట్టు మీద పడింది. తర్వాత ఎద్దు వీపు మీద నల్ల మచ్చల్లా పడ్డాయి. ఆ తర్వాత చూడాలి!

అన్ని ఇళ్ళలోంచీ జనం బయటికి ఉరికారు. పెద్దవాళ్ళు కేకలు పెడుతున్నారు, పిల్లలు నాలుకలు చాపుకుని తిరుగుతున్నారు. తొలకరికి చెప్పాల్సిన దీవెన ఒకటుంది. కానీ చినుకు పడగానే చెప్పకూడదు. నేల మీద నీళ్ళు నిలిచి, పడ్డ చుక్క ఎగిరి, పడుతున్న చుక్కకి ఎదురెళ్ళాలి, పెళ్ళికూతురికి పెళ్ళికొడుకు ఎదురెళ్ళినట్టు. నాన్న ఆ పట్టేసిన మోకాళ్ళతోనే వాకిట్లో గొంతుకూర్చుని, ఒక గుంటని రెప్ప వాల్చకుండా చూస్తున్నాడు.

"మురాద్! ఎదురెళ్ళిందా?" తోబియా తాత మిద్దె మీంచి అరుస్తున్నాడు. ఆయన కళ్ళకి అంత చిన్నవి కనపడవు.

"ఆగు తాతా!"

"ఇంకానా? నేను మునిగిపోతున్నానయ్యా!"

"ఆగమన్నానా... ఆ, లేచింది! ఎదురెళ్ళింది!"

ఇద్దరూ అక్కడొకరూ ఇక్కడొకరూ, పడ్డ ప్రతి చుక్కకీ పేరుపేరునా దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నారు. నాన్న ఏడుస్తున్నాడో తడిసిపోయాడో నాకు తేడా తెలియలేదు.

అమ్మ కోసం చూశాను. బోర్లించిన కుండని తిప్పి, మిద్దె నీళ్ళు జారే తూము కింద పెడుతోంది. అది పెట్టి అక్కడే నిలబడిపోయింది, తూర్పు వైపు తిరిగి. తలగుడ్డ జారిపోయింది. తెల్ల జుట్టు మొహానికి అంటుకుపోయింది.

"అమ్మా, లోపలికి రా, తడుస్తున్నావు."

"వాడూ తడుస్తున్నాడు," అంది. నవ్వుతోంది. ఎండల్లో నవ్వినట్టే, ఆ నవ్వే. "మీరడిగితే పడిందనుకుంటున్నారా? మీరడిగీ అడిగీ ఎన్నాళ్ళయింది! వాడు అడిగాడురా. ఈసారి వాన కావాలని అడిగాడు."

కుండ నిండి పొర్లింది. గుడ్డ కట్టి తనే మోసుకుపోయి గడప పక్కన పెట్టింది.

తద్మోర్‌లో ఆగిన బిడారులు వానలు పడ్డాక కదిలాయి. అబూ హమ్దాన్ దమస్కు వెళ్ళి ప్రతి బిడారునీ అడిగాడు, ఆ మరుసటి ఏడూ అడిగాడు. మాదీఫలాలు అమ్మిన కుర్రాణ్ణి నది ఒడ్డున పండుగకి చూశామన్నవాళ్ళు ఉన్నారు, బాగా నవ్వించాడన్నారు. ఆ తర్వాత చూశామన్నవాళ్ళు లేరు. నేను ఆ బురదలోనే ఆలస్యంగా విత్తాను. గోధుమ మోకాలెత్తు కూడా రాలేదు, అయినా తిన్నాం. నాన్న మళ్ళీ ముందు నిలబడ్డాడు. ప్రతి ఏడూ హెష్వాన్ ఏడు దాటాక ఆ మాట ముందు ఒక ఊపిరంతసేపు ఆగేవాడు. తోబియా తాత ఉన్నన్నాళ్ళూ బల్ల మీద చెయ్యి వేసుకుని ఊరుకునేవాడు. కొట్టేవాడు కాదు.

ఏటా తొలకరికి అమ్మ ఆ కుండ తూము కింద పెట్టేది. "అడిగాడు," అనేది, ఆ ఒక్క మాటే. వానలు వెనకబడితే మాత్రం ఇదివరకులా ఆకాశం చూసి సంతోషపడేది కాదు, గిన్నెడు నీళ్ళు తెచ్చి వీధి గోడ మీద పెట్టేది, దారిన పోయేవాళ్ళకి.

ఒక ఎండాకాలంలో అమ్మ పోయింది. నాన్న అంతకుముందే పోయాడు. ఆ ఏడు తొలకరి సాయంత్రం పూట పడింది. లతీఫా పిల్లల్ని లోపలికి కేకలేస్తోంది. నేను గడప దగ్గరికి వెళ్ళి, ఆ కుండ వంచి అడుగున మిగిలిన పాత నీళ్ళు పారబోసి, తూము కింద పెట్టాను. లతీఫా చూసింది. పిల్లలతోపాటు తనూ తలుపు పక్కనే నిలబడింది, అది నిండేదాకా.